మైనపు దిమ్మె

పోర్టోలో, ఆసుపత్రి నేలమాళిగలో
నా పని మైనం కొయ్యడం.
మనిషి లోపలినుంచి తెచ్చిన బియ్యపుగింజంత ముక్కని
మైనంలో పొదిగి
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన చెక్కి
గోరువెచ్చటి నీళ్లమీద తేలనివ్వాలి.
పొర ముడతపడకూడదు. అంతే.
చదవడం డాక్టర్ ఇయొలాండా వంతు.

మంగళవారం వచ్చిన డబ్బీమీద
"కడుపు. ఆరు ముక్కలు" అని ఉంది.
కింద పేరు, దెవొలిందా.
వయసు అరవై ఎనిమిది, ఊరు మతొజిన్యుష్.
కత్తిమీద నా చెయ్యి కాసేపు ఆగింది.

పదహారేళ్లప్పుడు, రెండు వేసవులు
సార్డీన్ ఫ్యాక్టరీలో ఆమె పక్కన నిలబడ్డాను.
ఒకదాని తల అటు, ఒకదాని తల ఇటు,
డబ్బాకి ఐదు.
"ఒత్తుకుని పడుకోవాలే పిల్లా,
సందిస్తే నూనెలో షికారుకెళతాయి" అనేది.
మధ్యాహ్నం తన మొక్కజొన్న రొట్టె అయ్యాక
నా దాంట్లో సగం తినేసి
ఆకలికి సిగ్గేంటని మూతి తుడుచుకునేది.

ఆ మనిషికి ఇప్పుడు
మూడు చెంచాల సూపుకే కడుపు నిండిపోతోందట.
గొట్టం వేసి చూసినాయన రాశాడు:
పుండు లేదు, గడ్డ లేదు,
గోడ మాత్రం పాత తోలుసంచిలా బిగిసింది,
గాలి ఊదినా సాగడం లేదు.
కడుపు క్యాన్సర్ కావచ్చు.
మొత్తం తీసెయ్యాల్సి రావచ్చు.

ఇయొలాండా చాలాసేపు తల ఎత్తలేదు.
"ఇలా రా" అంది, రెండో కంటిగొట్టం నావైపు తిప్పి.
గుంపు కట్టలేదు. గూడు అల్లలేదు.
ఒకదాని వెనక ఒకటి
పోగుల సందుల్లోంచి చీమలబారు.
పక్కదాని చెయ్యి పట్టుకోవడం మరిచిన కణాలు
ఎటు దారి దొరికితే అటు నడుస్తున్నాయి.
చాప కింద నీరందామంటే
నీటికి చాపైనా తడుస్తుంది.

"ఈమెకి ఇదివరకు రొమ్ములో ఏమైనా?"
ఫారంలో ఆ గడి ఖాళీ.
నాకు తెలుసు.
చేపల బజార్లో ఒకసారి కనిపించింది,
తలకి రుమాలు, ఎడమవైపు చొక్కా చదునుగా.
నేనేమీ అడగలేదు. తను నా బుగ్గ గిల్లింది.
పదకొండేళ్లయింది.
అది అయిపోయిన సంగతి కదా అనుకునుంటుంది,
కడుపునొప్పికి వచ్చి రొమ్ము మాట ఎవరెత్తుతారు?

గిడ్డంగిలో, కింది సొరుగులో దొరికింది పాత దిమ్మె.
మైనం తేనెరంగుకి తిరిగింది.
కొత్త పొర కోసి, రంగు పట్టించి
రెండు గాజులూ పక్కపక్కన పెట్టాం.
అదే బారు. అదే నడక.
హార్మోనుకి స్పందించే గోధుమరంగు
రెండింట్లోనూ ఒకేలా పొంగింది.
ఇయొలాండా ఫోనెత్తి సర్జన్‌తో అంది:
"కత్తి ఆపండి. ఇది కడుపులో పుట్టింది కాదు,
వచ్చి చేరింది."

ఫ్యాక్టరీ మూసేసిన ఏడు, మొగుడి పడవ తిరిగిరాని ఏడు,
అన్నీ కడుపులో పెట్టుకుంది,
ఇదీ అక్కడికే వెళ్లింది
అని అనుకోబోయి, నోరు మూసుకున్నాను.
మైనానికి సామెతలు తెలియవు.

మంచి వార్త కాదిది.
కడుపు కడుపులానే ఉంటుంది, రోజూ మాత్రలుంటాయి,
ఎన్నాళ్లన్నది ఎవరూ రాయలేదు.

సెప్టెంబర్లో ట్రాము స్టాపు దగ్గర కనిపించింది.
బాగా చిక్కింది. నన్ను పోల్చుకుంది.
ఇక్కడేం పనే అంటే, మైనం కోస్తానన్నాను.
"కొవ్వొత్తులా?" అంది.
తల ఊపాను.
సంచిలోంచి రొట్టె తీసి తుంచి
పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.
చిన్నముక్క తన చేతిలో ఉంది,
నోటిదాకా వెళ్లిందో లేదో,
నా ట్రాము వచ్చేసింది.